కుర్చీ అద్దెకిస్తే సంఘం పుడుతుందా?
కోవర్కింగ్ స్పేస్‌ల సాంఘిక జీవనంపై ఒక పరిశీలన

పని చేసుకునే చోటుకి మన భాషలో పేర్లకు కొదవ లేదు. పొలం, మగ్గం గుంట, కొలిమి, కొట్టు, కచేరీ, ఆఫీసు. ఈ వరసలోకి గత పది పదిహేనేళ్ళలో మన నగరాల్లో మరో పేరు వచ్చి చేరింది. అదే కోవర్కింగ్ స్పేస్. దీనికి తెలుగులో నలుగురూ ఒప్పుకున్న మాట ఇంకా కుదరలేదు కనుక నేనూ ఆ మాటే వాడతాను. ఒకే యజమాని దగ్గర పనిచేయని పదిమంది, వేరు వేరు వృత్తులవాళ్ళు, ఒకే హాల్లో నెలకింతని డబ్బు కట్టి ఎవరి పని వారు చేసుకునే చోటు అని దీనికి స్థూలంగా అర్థం చెప్పవచ్చు. బల్ల, కుర్చీ, కరెంటు, ఇన్వర్టరు, ఇంటర్నెట్టు, మంచినీళ్ళు, టీ ఇవన్నీ ఉమ్మడి. పని, జీతం, యజమాని, కష్టసుఖాలు ఎవరివి వారివి.

ఎం.ఏ. సోషియాలజీ రెండో సంవత్సరం ప్రాజెక్టుకి నేనీ విషయం ఎన్నుకున్నప్పుడు మిత్రులు కొందరు నవ్వారు. "అదేం సబ్జెక్టురా, అద్దె కొట్టు గురించి థీసిస్సా?" అన్నారు. వాళ్ళ మాటలో సగం నిజముంది. మిగతా సగం కోసమే ఈ వ్యాసం. ఈ సంవత్సరం మన కళాశాల నుంచి బయటికి వెళ్ళేవారిలో చాలామందికి ఆఫీసు అనే భవనం ఉండకపోవచ్చు. కంపెనీ పుణేలోనో బెంగుళూరులోనో ఉంటుంది, మనిషి విశాఖపట్నంలో ఉంటాడు. మన తండ్రుల కాలంలో ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. దానితోపాటు ఒక హెడ్ క్లార్కు, ఒక క్యాంటీను, ఒక యూనియను, కోఆపరేటివ్ సొసైటీలో అప్పు, పిల్ల పెళ్ళికి చందా, రిటైరైన రోజున పూలదండ, ఇన్ని వచ్చేవి. మనకు లాప్‌టాప్ ఒక్కటి వస్తుంది, అదీ కొరియర్‌లో. జ్వరమొచ్చి నాలుగు రోజులు కనబడకపోతే "వీడేడీ?" అని అడిగేవాడెవడు? నా పరిశీలనంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందుగా కొంచెం చరిత్ర చెప్పాలి. కోవర్కింగ్ అనే మాటను 1999లో బెర్నీ డికోవెన్ అనే ఆటల రూపకర్త వాడాడు. ఆయన దృష్టిలో అది స్థలం పేరు కాదు. పెద్దా చిన్నా లేకుండా సమానులుగా కలిసి పనిచేసే ఒక పద్ధతి. ఆ మాటను స్థలానికి పెట్టినవాడు శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు. అతని ఇబ్బంది చాలా సాదాది. ఉద్యోగం చేస్తే నలుగురి తోడు దొరుకుతుంది, స్వేచ్ఛ ఉండదు. సొంతంగా చేసుకుంటే స్వేచ్ఛ ఉంటుంది, తోడుండదు. రెండూ కావాలనుకున్నాడు. 2005 ఆగస్టులో స్పైరల్ మ్యూజ్ అనే స్త్రీల బృందం ఉండే ఇంట్లో వారానికి రెండు రోజుల చొప్పున చోటు అద్దెకు తీసుకుని మడత బల్లలు వేశాడు. మొదటి నెల ఒక్క ప్రాణీ రాలేదు. ఆ నెలంతా తనొక్కడే అక్కడ కూర్చున్నాడు. తర్వాత ఒకరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు. మధ్యాహ్నం కలిసి భోజనం చేయడం, కాసేపు ధ్యానం, సాయంత్రం ఒక వేళకు కచ్చితంగా మూసెయ్యడం. ఇదీ అక్కడి కార్యక్రమం. ఏడాదికే ఆ చోటు మూతపడింది గాని ఆలోచన మూతపడలేదు. ఎవరైనా తీసుకోండి, మీకు తగ్గట్టు మార్చుకోండి అని అతను వదిలేశాడు గనక అది ఊళ్ళు పట్టుకు తిరిగింది.

అంతకుముందే, 2002లో, వియన్నా నగరంలో ఒక పాత స్క్రూల ఫ్యాక్టరీని బాగుచేసి ఇలాంటి చోటు నడిపారు. 2009లో బెర్లిన్‌లో బేటాహౌస్ వచ్చింది. వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2007లో ప్రారంభమైన ఇండీ హాల్ కథ. అలెక్స్ హిల్‌మన్, అతని మిత్రులు ముందు చోటు వెతకలేదు. ముందు మనుషుల్ని పోగుచేశారు. కాఫీ హోటళ్ళలో కలుసుకున్నారు, ఒకరినొకరు ఎరిగారు, ఆ తరవాతే గోడలు వెతికారు. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది దీనికి తలకిందులు. ముందు ఫాల్స్ సీలింగు వేస్తారు, గోడ మీద ఇంగ్లీషులో 'కమ్యూనిటీ' అని రంగు అక్షరాలు అతికిస్తారు, ఆ తరవాత మనుషుల కోసం చూస్తారు. హైదరాబాదులో 2015లో మొదలై, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనానికి మారిన టీ-హబ్ సంగతి వేరు. అది కొత్త కంపెనీలను పెంచే నారుమడి. కుర్చీలు అక్కడా పంచుకుంటారు గాని దాని లక్ష్యం అది కాదు కనుక దాని జోలికి నేను వెళ్ళడం లేదు.

ఇదంతా మనకు బొత్తిగా కొత్తేనా? పని చేసుకునే పద్ధతి కొత్తది కావచ్చు గాని చందా వేసుకుని ఒక చోటును ఉమ్మడిగా నిలుపుకోవడం మాత్రం కొత్తది కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో. ఆ రెండూ ప్రభుత్వం కట్టించి ఇచ్చినవి కావు, పూనుకున్న నలుగురూ నిలబెట్టినవి. 1950ల చివర్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తుంటే, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ పనివాళ్ళే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని చేతిలోకి తీసుకున్నారు. ఇండియన్ కాఫీ హౌస్ పేరుతో అవి ఈనాటికీ చాలా ఊళ్ళలో నడుస్తున్నాయి. ఈ ఉదాహరణలు గొప్పకోసం చెప్పడం లేదు. వాటిలో 'సభ్యుడు' అన్న మాటకు ఒక బరువుండేది. సభ్యుడంటే లెక్క అడగగలిగినవాడు. ఇవాళ కోవర్కింగ్ స్పేస్‌లో డబ్బు కట్టిన ప్రతివాడినీ 'మెంబర్' అంటారు. లాడ్జిలో దిగినవాణ్ణి మెంబరనం కదా! (మనలో మన మాట. ఫీజుతోపాటు చందా కట్టి మనమందరమూ స్టూడెంట్స్ యూనియన్ సభ్యులమే. జనరల్ బాడీ మీటింగుకి ఎందరు వస్తారో ఆ కుర్చీలను అడగాలి.)

మా తరగతిలో చెప్పే పాఠం ఇక్కడ పనికొచ్చింది. జర్మన్ సమాజ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ టోనీస్ 1887లోనే మనుషుల కలయికను రెండు రకాలుగా విడదీశాడు. ఇల్లు, ఊరు, ఇరుగుపొరుగులాగా మనసుతో ముడిపడినది ఒకటి. ఒప్పందం మీద, అవసరం మీద నిలిచేది రెండోది. కోవర్కింగ్ స్పేస్ విచిత్రమేమిటంటే అది రెండో రకంగా పుట్టి మొదటి రకం పేరు పెట్టుకుంటుంది. రసీదు పుస్తకం ఒకటి, పిలుపు ఒకటి.

అయినా అదంతా బూటకం అని కొట్టేయడానికి వీల్లేదు. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెచెన్ స్ప్రైట్జర్, ఆమె సహచరులు 2015లో ప్రకటించిన పరిశీలనలో, ఇలాంటి చోట్ల పనిచేసేవారు తమ పని జీవితం ఎంత చురుగ్గా, ఎదుగుదలతో ఉందో చెప్పమంటే 7 పాయింట్లకు 6కి దగ్గరగా చెప్పారు. మామూలు ఆఫీసుల్లో వచ్చే సగటు కంటే అది ఎక్కువ. కారణాలు కూడా ఆలోచించదగినవే. పక్క కుర్చీవాడు పోటీదారు కాడు. అతనికి ప్రమోషనొస్తే నాది పోదు. అంచేత అతనికి సాయం చేయడంలో నష్టం లేదు. ఇంకోటి, రమ్మని హాజరు పట్టీ బలవంతం చేయదు, ఇష్టమై వస్తారు.

దూరం గురించి కూడా ఒక మాట. థామస్ ఆలెన్ అనే ఎం.ఐ.టి. ఆచార్యుడు 1977లో ప్రచురించిన పుస్తకంలో, ఇంజనీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్ళ మధ్య మాటలు ఎంత వేగంగా తగ్గిపోతాయో చూపించాడు. 50 మీటర్లు దాటాక వారానికొక మాట కూడా అరుదే. దీన్ని పట్టుకుని చాలామంది, కుర్చీలు దగ్గరగా వేస్తే చాలు మాటలు అవే వస్తాయి అనుకుంటారు. రెండు మీటర్ల దూరంలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, మూడు నెలలపాటు ఒకరి పేరొకరికి తెలియకుండా కూర్చున్నవాళ్ళను నేను చూశాను. దగ్గరితనం అవకాశం ఇస్తుందంతే.

ఇక నేను ఎక్కువ రోజులు గడిపిన చోటు గురించి. ఇది మన నగరంలోనే, ద్వారకానగర్ దరిదాపుల్లో, ఒక పాత డాబా ఇంటి పై అంతస్తు. పేరు చెప్పను. చెప్పులు బయట విప్పాలి. ఇరవై కుర్చీలు, ఒక చిన్న గది ఫోన్లు మాట్లాడుకోవడానికి, ముందర పొడుగ్గా ఒక వరండా. నడిపేది ఒకావిడ. లోగడ ఒక ప్రయివేటు కాలేజీలో అకౌంట్సు చూసేవారు. సభ్యులు 'అక్కా' అంటారు. ఒక్క పెద్దాయన మాత్రం 'అమ్మా' అంటారు. ఆయన ఓడల తయారీలో పనిచేసి రిటైరయిన ఇంజనీరు. ఇప్పుడు ప్రయివేటుగా డ్రాయింగులు సరిచూసి ఇస్తుంటారు. ఆయన్ని అందరూ 'మాష్టారు' అంటారు, ఏనాడూ పాఠం చెప్పకపోయినా. మిగిలినవాళ్ళలో సి.ఏ. పరీక్షలు రాస్తున్న ఇద్దరు, విజయనగరం నుంచి రోజూ రైల్లో వచ్చే ఆర్కిటెక్టు, సినిమాలకు సబ్‌టైటిల్సు రాసే అబ్బాయి, పుణే కంపెనీకి ఇక్కణ్ణుంచే పనిచేసే అమ్మాయి, వెబ్‌సైట్లు తయారుచేసే ముగ్గురు, ఇలా.

ఆ పుణే కంపెనీ అమ్మాయి చెప్పిన మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను. "ఇంట్లో కూర్చుని పనిచేస్తే మా అత్తగారి దృష్టిలో నేను ఇంట్లో ఉన్నట్టే సార్. గ్యాసువాడొస్తే నేనే, కొరియరొస్తే నేనే, మధ్యాహ్నం మామయ్యగారి మందులూ నేనే. చెప్పులేసుకుని బయటికొస్తేనే అది ఉద్యోగం." ఆవిడ జీతంలోంచి కుర్చీ అద్దె పోతుంది. అయినా అది తన పనికి గౌరవం కొనుక్కోవడం కింద లెక్క అంటుంది. ఇంటి నుంచి పని అన్నది ఆడవాళ్ళకు వరమని రాసే పత్రికలవాళ్ళు ఒకసారి ఈ వరండాకి వచ్చి వినాలి.

ఇక్కడ జరిగిన రెండు చిన్న సంగతులు నా మొత్తం ప్రాజెక్టుకి మూలం.

మొదటిది నెత్తళ్ళ తగాదా. ఊరు విశాఖపట్నం. టిఫిను డబ్బాలో నెత్తళ్ళ వేపుడు రాకుండా ఉంటుందా? హాలు ఏమో ఏ.సి., కిటికీలు మూసి ఉంటాయి. డబ్బా మూత తీసిన క్షణం నుంచి సాయంత్రం దాకా ఆ వాసన అక్కడే కాపురం. ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. "నాన్‌వెజ్ వాళ్ళు వరండాలో తినాలి" అని ఒక కాగితం రాసి అంటించారు. సమస్య తీరిందనుకున్నారు. తీరలేదు సరికదా, మర్నాటినుంచి ఇద్దరు కుర్రాళ్ళు భోజనానికి బయటికి పోవడం మొదలుపెట్టారు. ఎండలో నడిచి ఏ మెస్సుకో వెళ్ళేవారు గాని ఆ కాగితం కింద కూర్చుని తినలేదు. తిండిని బట్టి మనిషిని గడప అవతల కూర్చోబెట్టడం మనకు పాత విద్యే కదా. ఆ కాగితానికి ఏ ఉద్దేశమున్నా, చదివినవాడికి వినబడింది అదే. పదిరోజుల తరవాత నిర్వాహకురాలే ఆ కాగితం చింపేసి ఇంకో కాగితం పెట్టారు. "అందరూ వరండాలోనే తినాలి. హాల్లో బిస్కట్టు కూడా తినరాదు." అంతే. పెరుగన్నం వాడూ వరండాయే, నెత్తళ్ళ వాడూ వరండాయే. ఇద్దరు కుర్రాళ్ళూ తిరిగి వచ్చారు. అంతవరకు ఎవరి బల్ల దగ్గర వాళ్ళు ఫోను చూసుకుంటూ తినే ఇరవైమందీ ఒంటిగంటకు ఒకేచోట చేరారు. ఇక కూరలు అటూ ఇటూ మారకుండా ఎలా ఉంటాయి!

ఎలినార్ ఆస్ట్రమ్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల రేవులు ఎలా నిలుస్తాయో జీవితమంతా పరిశీలించి 1990లో ఒక పుస్తకం రాసింది. 2009లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉమ్మడి ఆస్తి పాడవక తప్పదు అన్న వాదానికి ఆమె ఇచ్చిన జవాబు, వాడుకునేవాళ్ళే నియమాలు చేసుకుని, వాళ్ళే కాపలా కాసుకుంటే పాడవదు అని. మా వరండా చిన్నది. అయినా ఆ పుస్తకంలోని ఒక అధ్యాయం అక్కడ జరిగిందనే నా నమ్మకం. మొదటి నియమం కొందరి మీద పెట్టినది. రెండోది అందరి మీదా పడినది. తేడా అక్కడే ఉంది.

రెండో సంగతి టీ వంతు. టీ పెట్టడానికి మనిషిని పెట్టుకునే స్తోమతు ఆ చోటుకి లేదు. అందుకని సభ్యులు వంతులు వేసుకున్నారు. ఉదయం పదకొండుకి ఒకరు, సాయంత్రం నాలుక్కి ఒకరు. పట్టీ గోడమీద ఉంటుంది. మొదట్లో దీనిమీద చాలా సణుగుడుండేదట. డబ్బిచ్చి టీ కూడా మనమే పెట్టుకోవాలా అని. ఒక గురువారం నాలుగైంది, నాలుగున్నరైంది, టీ లేదు. వంతు ఎవరిదని పట్టీ చూస్తే సబ్‌టైటిల్సు రాసే అబ్బాయిది. అప్పుడుగాని ఎవరికీ తట్టలేదు, అతను సోమవారం నుంచి రావడం లేదని. ఫోను చేస్తే స్విచాఫ్. ఇద్దరు స్కూటరేసుకుని అతని గది వెతుక్కుంటూ వెళ్ళారు. డెంగ్యూ. గదిలో ఒక్కడే, లేవలేని స్థితిలో ఉన్నాడు. ఆసుపత్రిలో చేర్చారు. రాత్రిళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. ఊర్నుంచి తల్లి వచ్చేదాకా ఆ పట్టీయే అక్కడా నడిచింది. అతను కోలుకున్నాడు. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయేవరకు ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు, ఇక్కడ రాయను.

ఇదే సమయంలో నేను మరో చోటుకి కూడా వెళుతుండేవాణ్ణి. పెద్ద అద్దాల భవనం, సోఫాలు, బొమ్మలు, కాఫీ మిషను. కార్డు చూపిస్తే తలుపు తీసుకుంటుంది. శుక్రవారం సాయంత్రం పిజ్జా. అందరినీ నవ్వుతూ పలకరించడానికి ఉద్యోగం ఇచ్చి ఒక అమ్మాయిని పెట్టారు. పాపం ఆ అమ్మాయి మంచిది, పేర్లు కూడా గుర్తుపెట్టుకునేది. కాని అక్కడ ఎవరికీ ఏ పనీ లేదు. టీ మిషను పెడుతుంది, కప్పులు ఎవరో కడుగుతారు, దీపాలు వాటంతటవే ఆరతాయి. అంత సౌకర్యంలో ఒక మనిషి రాకపోతే ఆగిపోయేది ఏదీ ఉండదు. నేనున్న రెండు నెలల్లో నా ఎదురుగా కూర్చునే ఒకాయన రావడం మానేశాడు. అడిగితే "కార్డు రెన్యూ కాలేదండి" అన్నారు. కంప్యూటరు చెప్పింది అంతవరకే. ఆ మనిషి ఏమయ్యాడో చెప్పగలిగినవాళ్ళు ఆ అంతస్తులో లేరు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పని పంచుకోని చోట మనిషి లోటు కనబడదు, అంతే. టీ వంతు అనేది పైకి చూడడానికి భారం. నిజానికి అదే ఆ అబ్బాయికి హాజరు పట్టీ అయింది. మిచిగన్ పరిశోధకుల్లో గారెట్, స్ప్రైట్జర్, బేస్‌విస్ 2017లో రాసిన మరో వ్యాసంలో, సంఘభావాన్ని నిర్వాహకులు తయారుచేసి ఇవ్వలేరనీ, సభ్యులే రోజువారీ చేతల్లో కలిసి కట్టుకుంటారనీ చెప్పారు. నేను దానికి చిన్న సవరణ చేరుస్తాను. కట్టుకోవడానికి ఏదో ఒక పని మిగిల్చి ఉంచాలి. అన్నీ చేసిపెట్టే చోట కట్టుకునేందుకు ఏమీ మిగలదు.

అయితే ఆ డాబా ఇంటిని నేను స్వర్గంగా చిత్రించడం లేదు. హాలు తుడిచి, బాత్రూములు కడిగే మనిషి ఒకామె ఉంది. ఉదయం ఏడింటికి అందరికన్న ముందు వచ్చేది ఆమే. సాయంత్రం మళ్ళీ వస్తుంది. వంతువాడు మర్చిపోయిన రోజున టీ పెట్టేది కూడా ఆమే. పట్టీలో ఆమె పేరు లేదు. వరండాలో ఇరవైమంది తింటున్నప్పుడు ఆమె మెట్లమీద కూర్చుంటుంది. ఆమె గ్లాసు విడిగా, సింకు కింద అరలో ఉంటుంది. ఒకరోజు షెల్ఫులోంచి కప్పు తీసి ఇవ్వబోతే, "నాకొద్దు బాబూ, నా గ్లాసు నాకుంది" అంది. ఆ గ్లాసు అక్కడ ఎవరు పెట్టారని అడిగాను. ఎవరూ చెప్పలేదని, తనే పెట్టుకున్నానని అంది. వరండా సమానత్వం గురించి ఇంతసేపు రాసిన నేను ఈ సంగతి రాయకుండా దాటితే అది పరిశీలన అనిపించుకోదు. సమావేశంలో ఈ విషయం లేవదీశాను. అందరూ తలలూపారు. గ్లాసు ఇంకా అక్కడే ఉంది.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తికాదు, ఎందుకంటే ఇలాంటి చోట్లు మనసు విరిగి కాదు, అద్దె కట్టలేక మూతపడతాయి. లెక్క తేలిగ్గా తెలియడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఇంటి అద్దె 40,000, కరెంటు 12,000, ఇంటర్నెట్టు, నీళ్ళు, టీ సామాను 8,000, శుభ్రం చేసే మనిషి జీతం, మరమ్మతులు 10,000. మొత్తం 70,000. కుర్చీకి నెలకి 4,500 చొప్పున 20 కుర్చీలూ నిండితే 90,000 వస్తుంది. కాని అన్నీ ఎప్పుడూ నిండవు. 15 నిండితే 67,500, అంటే 2,500 నష్టం. 16 నిండితే 72,000, రెండువేలు మిగులు. పదహారో కుర్చీలో ఎవరో ఒకరు కూర్చున్నప్పుడే నడిపే మనిషి చేతికి ఏదైనా వస్తుంది. ఖర్చేమో నెలనెలా తప్పనిది, రాబడి ఏమో సభ్యుడు ఎప్పుడైనా లేచిపోగలిగినది. ఈ వ్యాపారంలోని బలహీనతంతా ఇక్కడే ఉంది.

చిన్న ఇంటికే కాదు, లోకమంతా విస్తరించిన కంపెనీకీ ఇదే లెక్క. న్యూయార్కులో 2010లో పుట్టిన వీవర్క్ ఏళ్ళ తరబడి లీజులు రాసుకుని నెలల లెక్కన కుర్చీలు అద్దెకిచ్చింది. 2019 జనవరిలో దాని విలువను 4,700 కోట్ల డాలర్లని కట్టారు. అదే ఏడాది వాటాలు అమ్మకానికి పెట్టబోతూ విడుదల చేసిన పత్రంలో 'కమ్యూనిటీ' అన్న మాట లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. పత్రం చదివినవాళ్ళు మాత్రం నష్టాల అంకెలు చూశారు. సెప్టెంబరులో ఆ ప్రయత్నం మానుకున్నారు. 2020లో కరోనా వచ్చి కుర్చీలు ఖాళీ అయ్యాయి, లీజులు మాత్రం అలాగే ఉన్నాయి. 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరి, లీజులు చాలా వదిలించుకుని 2024లో బయటపడింది. (మన దేశంలో ఆ పేరుతో నడుస్తున్నది వేరే కంపెనీ.) సంఘం అన్న మాట బాలెన్స్ షీటులో ఆస్తి కింద రాయడానికి వీల్లేదని ఆ వ్యవహారంవల్ల తేలింది.

మా డాబా ఇంటికి కూడా ఇప్పుడు ఆ పరీక్షే వచ్చింది. మూడేళ్ళ అగ్రిమెంటు జూన్‌తో ముగుస్తుంది. ఇల్లుగలాయన అద్దె పెంచుతానంటున్నాడు. నిర్వాహకురాలు ఒక ఆదివారం అందరినీ పిలిచి ఖాతా పుస్తకం వరండాలో పెట్టారు. మూడేళ్ళలో ఆవిడ తన చేతినుంచి ఎంత వేసుకున్నారో ఆ రోజే తెలిసింది. సి.ఏ. కుర్రాళ్ళిద్దరూ పేజీ పేజీ కూడి చూశారు. తప్పు దొరకలేదు.

మాష్టారు ఒక ప్రతిపాదన పెట్టారు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకుందాం, అద్దె అగ్రిమెంటు సంఘం పేర రాయించుకుందాం, తలకొక ఓటు, తలకొక వాటా అన్నారు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో నేతపనివాళ్ళు, ఇతర కార్మికులు కొట్టు పెట్టుకున్నప్పటినుంచి ఉన్న పద్ధతేనన్నారు. ఆర్కిటెక్టు ఒప్పుకుంది. వెబ్‌సైట్ల ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోలేదు. "మేం ఇక్కడ ఉంటామో లేదో తెలీదు సార్. వాటా అంటే బాధ్యత. మాకు కుర్చీ చాలు" అన్నారు. అది తప్పు పట్టవలసిన మాట కాదు. రేపెక్కడుంటాడో తెలియనివాడు ఏ సంఘంలో వేళ్ళూనగలడు? పుణే కంపెనీ అమ్మాయి, శుభ్రం చేసే ఆమెకు కూడా ఓటుంటుందా అని అడిగింది. దానిమీద కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి నిర్వాహకురాలు, "మీరంతా యజమానులైతే మరి నేనెవర్ని? జీతగత్తెనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని అందులో నవ్వు లేదు. మూడేళ్ళు ఆ చోటును నిలబెట్టిన మనిషికి సహకార సూత్రంలో ఏ స్థానం ఇవ్వాలో మాష్టారి దగ్గర కూడా సిద్ధంగా జవాబు లేదు.

ఆ రోజు తేలినవి మూడు. కుర్చీ అద్దె అయిదొందలు పెంచడానికి అందరూ ఒప్పుకున్నారు. ప్రతి నెలా మొదటి శనివారం ఖాతా చదవాలి. పరీక్షలకు చదువుకునే విద్యార్థులకు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు సగం ధరకి నాలుగు కుర్చీలు ఇవ్వాలి, టీ వంతు మాత్రం వాళ్ళకీ తప్పదు. సంఘం రిజిస్ట్రేషను, తుడిచే ఆమె ఓటు ఉగాది తర్వాత జరిగే సమావేశానికి వాయిదా పడ్డాయి.